నొప్పి పాఠం మనకొద్దు

ఫిజియోథెరపీ విద్యార్థులకు దీర్ఘకాలిక నొప్పి గురించి వివరంగా బోధించాలని కొందరు పట్టుబడుతున్నారు. దీన్ని మొదట్లోనే అడ్డుకోకపోతే మన కొంప మునుగుతుంది.

కాలికి నిప్పు తగిలితే, తాడు లాగినట్టు మెదడులో గంట మోగుతుందని ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ రాశాడు. ఆ పుస్తకం 1664లో అచ్చయింది. అంత పాతది కాబట్టే నమ్మదగినది. 1965లో మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు వచ్చి వెన్నుపాములో నొప్పి సంకేతాలను ఆపే, వదిలే గేటు ఉందన్నారు. ఆ గేటును ఐదు మార్కుల ప్రశ్న చేసి, విజయవంతంగా మూసేశాం. స్కాన్ ఫిల్ములో ఏదైనా కనబడితే వెన్నుపూసల మధ్య డిస్కు అరిగిందంటాం, ఏమీ కనబడకపోతే 'టెన్షన్ తగ్గించుకోండమ్మా' అంటాం. మిషన్ పెట్టు, టైమర్ తిప్పు. ఇంతకన్నా శాస్త్రం దేనికి?

కొత్త పాఠంలో ఏముందో చూడండి. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఓ భవన కార్మికుడి సంగతి. పదిహేను సెంటీమీటర్ల మేకు మీదికి దూకాడు. మేకు కాస్త కదిలినా భరించలేని నొప్పి. మత్తుమందిచ్చి మేకు లాగి, బూటు విప్పి చూస్తే అది వేళ్ల సందులోంచి పోయింది. పాదానికి గీత కూడా పడలేదు! ఇది విన్న పిల్లలు "మరి ఆ నొప్పి నిజమేనా సార్?" అంటారు. నిజమేనని ఒప్పుకోవాలి. పరువు పోదూ?

ఇంకా ఘోరం: నొప్పే లేనివాళ్ల స్కాన్లలోనూ డిస్కు అరుగుదల కనిపిస్తుందట, ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. ఇక ఫిల్మును లైటుకెత్తి పట్టి "అయ్యో, మీ వెన్నెముక ఎప్పుడో ముసలిదైపోయింది" అని బెదరగొట్టే కళ ఏమైపోవాలి?

ప్రాక్టికల్ పరీక్షల సంగతీ ఆలోచించండి. కీళ్ల వంపు కొలిచే గోనియోమీటర్ పట్టుకున్న అమ్మాయి, "సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత?" అని పేషెంటును అడుగుతుంది.

"వంగితే ఏదో తెగిపోతుందేమోనని భయం తల్లీ. రాత్రి కన్ను మూతపడదు."

"నంబరు చెప్పండమ్మా."

"ఏడు."

ఏడు రాసుకుంది, మార్కులు పడ్డాయి. కొత్త పాఠం విన్న పిల్లయితే కలం పక్కన పెట్టి "ఏం తెగుతుందని భయం?" అని అడుగుతుంది. మూడు నెలలు దాటిన నొప్పిలో గాయం మానినా నరాల వ్యవస్థ అతిసున్నితంగా మిగిలిపోవచ్చనీ, కదిలినంత మాత్రాన ఏదీ తెగదనీ ఓపిగ్గా చెబుతుంది. ఈలోగా టైమైపోతుంది. మన ఫారంలో భయానికి గడి ఎక్కడుంది?

పాఠం తప్పదంటే నా సవరణ ఒకటే: చివరి సెమిస్టర్‌లో, చివరి పీరియడ్‌లో, అటెండెన్స్ తీసుకున్నాక పెట్టండి.