యూటర్న్ ఖర్చు ఎవరి జేబులోంచి?

అమెరికాలో గోధుమరంగు పార్సిల్ బండ్లు నడిపే యూపీఎస్ కంపెనీ తన డ్రైవర్లకు వీలైనంత వరకు ఎడమవైపు తిరగొద్దని చెబుతుంది. వెళ్లాల్సిన ఇల్లు ఎడమపక్కనే ఉన్నా సరే, చాలాసార్లు కుడి మలుపులు తిరుగుతూ చుట్టూ వెళ్లాల్సిందే. 2004లో పట్టుకున్న ఈ పద్ధతిని తర్వాత ఓరియన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, దాదాపు 55 వేల రూట్లకు అమలు చేసింది. ఓరియన్ వల్ల ఏడాదికి కోటి గ్యాలన్ల ఇంధనం, అంటే సుమారు 3.78 కోట్ల లీటర్లు మిగులుతోందని కంపెనీ లెక్క.

అక్కడ బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. ఎడమకు తిరగాలంటే ఎదురొచ్చే వాహనాలకు అడ్డంగా పోవాలి. మనకు రైట్ టర్న్ ఎంత టెన్షనో వాళ్లకు లెఫ్ట్ అంత. ఇంజిన్ ఆపకుండా సందు కోసం కాచుకుంటే డీజిల్ దండగ, దొరికిన సందులో దూరితే ప్రాణం మీదికి. కూడలి ప్రమాదాలకు దారితీసిన కీలక ఘట్టాల్లో 22 శాతం ఎడమ మలుపులవేననీ, కుడి మలుపులవి ఒక శాతం పైచిలుకేననీ అమెరికా రహదారి భద్రతా సంస్థ 2010 నివేదిక తేల్చింది. ఇక్కడ పొదుపూ భద్రతా ఒకే దారిన నడిచాయి.

ప్రతిసారీ అలా నడవవు. 1973 చమురు సంక్షోభం తర్వాత, ఎర్ర లైటు ఉన్నా ఆగి చూసుకుని కుడికి తిరగొచ్చన్న నియమాన్ని అదే అమెరికా రాష్ట్రాల చేత ఒప్పించింది. కారణం పెట్రోలు ఆదానే. ఆ మలుపుల దగ్గర పాదచారులు, సైకిలిస్టులు దెబ్బతినడం పెరిగిందని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. న్యూయార్క్ నగరంలో ప్రత్యేకంగా బోర్డు పెట్టినచోట తప్ప ఇప్పటికీ అలా తిరగనివ్వరు. మన ఫ్రీ లెఫ్ట్ దీనికి తోబుట్టువే. హైదరాబాద్‌లో అలాంటి మూల దగ్గర పిల్లాడి చెయ్యి పట్టుకుని నిలబడ్డ తల్లికి ఏ సిగ్నల్ పడినా దారి దొరకదు. బండ్లు ఆగితే కదా!

కుడి మలుపులు మూసేసి యూటర్న్‌లు పెట్టడంలో మన ట్రాఫిక్ పోలీసులు యూపీఎస్‌కు తీసిపోలేదు. కూడలిలో ఎదురుపడే ముప్పు తగ్గుతుంది గనుక ఆలోచన తప్పు కాదు. కానీ యూటర్న్ మరీ దూరమైనచోట సాయంత్రం పూట చూడండి: గ్యాస్ సిలిండర్ల ట్రాలీ ఆటో, దాని వెనకే బ్యాగు తగిలించుకున్న డెలివరీ కుర్రాడు, డివైడర్ పక్కనే రాంగ్ రూట్‌లో ఎదురొస్తుంటారు. వీళ్లకు ప్రాణభయం లేదనుకోవడం అమాయకత్వం.

యూపీఎస్ డ్రైవరుకు గంటల లెక్కన జీతం, వెనక బలమైన యూనియన్. డీజిల్ కంపెనీదే. చుట్టు తిరిగినా అతని జేబుకు చిల్లు పడదు. సాఫ్ట్‌వేర్ చూపే దారి మీద సణుగుతాడేమో గానీ రాంగ్ రూట్‌లోకి దూరాల్సిన అగత్యం అతనికి లేదు. మన కుర్రాడికి బండి సొంతం, పెట్రోలు సొంతం, చాలాచోట్ల ఆర్డరుకింత అనే లెక్క. రెండు కిలోమీటర్ల చుట్టు అంటే అతని కూలీలో కోత. చలాన్లతో ఈ లెక్క మారదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. అందులో డ్రైవర్ల తప్పు ఎంతో లెక్కలు తీసే అధికారులు, ఆ తప్పు చేయడంలో డ్రైవరుకు మిగిలేది ఎంతో కూడా తీయాలి.

డెలివరీ కంపెనీలు ఆర్డరుకు కాకుండా బండి నిజంగా తిరిగిన దూరానికి పెట్రోలు ఖర్చు కట్టేలా రెండు తెలుగు రాష్ట్రాలూ నిబంధన తేవాలన్నది మా అభిప్రాయం. యాప్‌లు కూడలిలో ఎదురొచ్చే బండ్లకు అడ్డంగా తిరగనక్కర్లేని దారినే ముందు చూపించాలి, దానివల్ల పట్టే అదనపు నిమిషాలను కస్టమరుకు చెప్పే టైములోనే కలపాలి. యూటర్న్ ఎక్కడ తెరవాలో తేల్చే ముందు పోలీసులు ఆ రోడ్డు మీద రోజూ సరుకు దించే ట్రాలీ డ్రైవర్లను పిలిచి అడగాలి. మనుషులు ఎక్కువగా నడిచే మూలల్లో ఫ్రీ లెఫ్ట్ బోర్డులు పీకేయడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.