పరిగడుపు గ్యాస్ గోలీకి నల్లగొండ నుంచి ఉత్తరం

మా ఇంటిల్లిపాదికీ పెద్దదిక్కువైన గ్యాస్ గోలీ గారికి,

దండాలు. దేవునికి దీపం పెట్టకముందే నిన్ను మింగే ఇల్లు మాది. మెడికల్ షాపుల చీటీ కూడ అడగరు, మొహం చూసి "గ్యాసా?" అంటరు, కత్తెరతోని షీటు కత్తిరిచ్చి చేతుల పెడ్తరు. ఛాతీల పట్టేస్తే గ్యాస్, నడుం పట్టేస్తే గ్యాస్, అత్తమ్మ అలిగినా గ్యాసే. మా మేనమామ అంగి జేబుల ఎనిమిదేండ్ల సంది నువ్వే, బట్టలు ఉతికేముందు మా అత్త ముందుగాల నిన్ను తీసి గూట్ల పెట్టి ఆ తర్వాతే పైసలు తీసేది, గంత మర్యాద నీకు.

మొన్న మామకు రక్తం తగ్గిందని ఎండోస్కోపీ చేస్తే కడుపుల హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కాపురం పెట్టి ఉన్నది. మెలికలు తిరిగిన పురుగంట, యాసిడ్ల బతకనీకి యూరియేజ్ అనే ఎంజైమ్‌తోని చుట్టూ యాసిడ్‌ను విరిచే అమ్మోనియా చేసుకుంటదంట. ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984ల దాన్ని తనే తాగి, కడుపు పాడు చేసుకొని మరీ చూపెట్టిండు, 1994ల అది క్యాన్సర్ కారకాల లిస్టుకు ఎక్కింది, 2005ల ఆయనకూ, ఆయనతోని కలిసి దీన్ని కనిపెట్టిన రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది. మరి నువ్వేం జేసినవ్? యాసిడ్ తగ్గించి మంట ఆర్పినవ్, నిప్పు పెట్టినోన్ని మాత్రం ఇంట్లనే పండుకోవెట్టినవ్. (నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతుందో పసిపోరడు కూడ చెప్పే జిల్లా మాది, కడుపుల ఏమున్నదో మాత్రం ఎవ్వరం చూడలే.)

కొలనోస్కోపీ కూడ చేసిండ్రు, పెద్దపేగుల పాలిప్, అంటే లోపలి గోడకు మొలిచిన చిన్న కండ, దొరికింది, తీసేసిండ్రు. "పేగు నా ఏరియా కాదు" అంటవేమో. అమెరికా మాజీ సైనికులు 8 లక్షల మందికి పైగా రికార్డులు చూసి 2024ల ఒక స్టడీ వచ్చింది, ఈ పురుగు ఉన్నోళ్లల్ల పెద్దపేగు క్యాన్సర్ 18 శాతం ఎక్కువ, మందులతోని వదిలించుకున్నోళ్లల్ల వదిలించుకోనోళ్ల కంటె తక్కువ. 2023ల జర్మనీలోళ్లు ఎలుకలల్ల చూస్తే, పేగుల వాపును అదుపుచేసే కణాలు తగ్గినయ్, జిగురు పొరను తినే బ్యాక్టీరియా పెరిగినయ్. మామ పాలిప్‌కు ఇదే కారణమని ఎవ్వరం చెప్పలేం, డాక్టరు గూడ అదే అన్నడు, అయినా నాకు నీ మీద అనుమానం పోతలేదు.

ఎందుకంటే రెండేండ్ల కింద మామకు మలం టెస్టు చేస్తే పురుగు లేదనొచ్చింది, మేం సంబురపడి మిఠాయి కూడ తిన్నం. ఆ పొద్దు గూడ పరిగడుపున నిన్ను మింగే పోయిండు! నువ్వు లోపలుంటే పురుగు తగ్గి నక్కి ఉంటది, టెస్టుకు చిక్కకపోవచ్చంట, రెండు వారాల ముందే నిన్ను బంద్ చెయ్యాల్నంట. దొంగను దాచినవ్, పోలీసులకు చాయ్ పోసి పంపినవ్.

ఇప్పుడు 14 రోజుల కోర్సు రాసిండ్రు, యాంటీబయాటిక్‌లు గుప్పెడు. చీటీ కిందికి చూస్తే నీ పేరు గూడ ఉన్నది, పూటకొకటి చొప్పున! మామ నవ్విండు, అత్త నవ్వలే. కోర్సు అయినంక నెలకు మల్ల టెస్టు ఉన్నది, దానికి రెండు వారాల ముందు నుంచి నిన్ను గూట్లకెల్లి గూడ తీసేస్తనని అత్త ఇప్పటికే క్యాలెండర్ మీద గీత గీసింది.

ఇట్లు,
నీ పాత గిరాకీ మేనల్లుడు