జొన్న పుట్టిన నేలపై ఆకలి

సూడాన్‌లో, డార్ఫర్ ప్రాంతంలోని అల్ ఫాషర్ నగరాన్ని, ఆ దేశ సైన్యంతో పోరాడుతున్న ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళాలు 2024 మే నుంచి 2025 అక్టోబరు దాకా దిగ్బంధించాయి. ఆహార లారీలు ఊళ్లోకి రాలేదు. జనం నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్కను తిని ప్రాణాలు నిలుపుకొన్నారు. మన పల్లెల్లో పాడిగేదెలకు నానబెట్టి పెట్టే చెక్క అది. చివరికి అదీ కరవైంది. జొన్నకు పుట్టిల్లు ఆ దేశమే. రాగి, సజ్జ కూడా ఆఫ్రికా నుంచి మనకు వచ్చినవే. మన తాతముత్తాతల కడుపు నింపిన గింజలను ఇచ్చిన ఖండంలో ఇవాళ ప్రతి ఐదుగురిలో ఒకరికి చాలినంత తిండి లేదు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024లో వారు 30 కోట్ల 70 లక్షల మంది. ఆసియాలో ఆకలి తగ్గుతుంటే అక్కడ పెరుగుతోంది.

వాగ్దానాలకు మాత్రం కొదవ లేదు. బడ్జెట్‌లో 10 శాతం వ్యవసాయానికి ఇస్తామని 2003లో మపుటోలో ఆఫ్రికా దేశాధినేతలు మాట ఇచ్చారు. నిలబెట్టుకున్న దేశాలు బహు కొద్ది. 2025 నాటికి ఆకలే ఉండదని 2014లో మలాబోలో ప్రకటించారు. 2025 జనవరిలో కంపాలాలో కూర్చుని 2035 దాకా మరో ప్రణాళిక రాసుకున్నారు. ఆహారోత్పత్తి 45 శాతం పెంచాలని, కోత తరువాతి నష్టాన్ని సగానికి తగ్గించాలని అందులో ఉంది.

ఈ రెండింటిలో రెండోదే ముందు జరగాలన్నది మా అభిప్రాయం. నైజర్‌లో బొబ్బర్లు పండించే రైతును చూడండి. ఇంట్లో ఉంచితే పురుగు తినేస్తుందన్న భయంతో కోతలు కాగానే వచ్చిన ధరకు అమ్ముకుంటాడు. గాదె ఖాళీ అయ్యాక, వానకారులో, అవే గింజలను ఎక్కువ ధర పెట్టి కొనుక్కుంటాడు. దీనికి కామెరూన్‌లో 1980లలోనే విరుగుడు కనిపెట్టారు. రెండు ప్లాస్టిక్ సంచులు, వాటిపైన ఒక నేత సంచి. ఎండిన గింజ పోసి మూతులు విడివిడిగా బిగించి కడితే లోపలి పురుగు ఊపిరాడక చస్తుంది. చిటికెడు మందు అక్కర్లేదు. ఇంత సులువైన సంచి ప్రతి రైతు ఇంటికీ చేరకపోవడం క్షమించరానిది.

విత్తనానికీ లోటు లేదు. మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆఫ్రికా దేశాల మెట్ట పంటలపై దశాబ్దాలుగా పనిచేస్తోంది. ప్రభుత్వం పూనుకుంటే ఏమవుతుందో మలావీ చూపించింది. 2005లో పంట పోయి అల్లాడిన ఆ దేశం, దాతల అభ్యంతరాలను పక్కనపెట్టి రైతుకు ఎరువు, విత్తనం రాయితీపై ఇచ్చింది. మరుసటి ఏడాదే మొక్కజొన్న దిగుబడి రెట్టింపైంది. వాన కలిసిరావడం నిజమే, అయినా ఎరువు లేనిదే ఆ పంట లేదు.

అయితే యుద్ధం సాగే చోట సంచీ పనిచేయదు, రాయితీ పనిచేయదు. అల్ ఫాషర్‌లో కరవు నెలకొందని 2025 నవంబరులో నిపుణులు ధ్రువీకరించారు. అది వాన లేక వచ్చిన కరవు కాదు, తుపాకులతో తెచ్చిన కరవు. కంపాలాలో చేతులెత్తిన నేతలు మొదట డార్ఫర్‌కు ఆహార లారీలు వెళ్లే దారులు తెరిపించాలి. ఆయుధాలు అందిస్తున్న బయటి దేశాలను పేరు పెట్టి నిలదీయాలి. ఆ తరువాత, 2003 నాటి 10 శాతం తమ తమ బడ్జెట్‌లలో ఏ పేజీలో ఉందో ప్రజలకు చూపాలి.