సవరణ: మిస్సోరి పెర్ల్ హార్బర్ దాడిని చూసిన నౌక కాదు

అమెరికా యుద్ధనౌక మిస్సోరి మీద నేను మొన్న పెట్టిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. 'పెర్ల్ హార్బర్ దాడిని తట్టుకుని, అక్కడే మ్యూజియంగా మారింది' అని రాశాను. హవాయిలోని ఆ అమెరికా నౌకాస్థావరంపై 1941 డిసెంబర్ 7న జపాన్ దాడి చేసేనాటికి మిస్సోరి న్యూయార్క్‌లో ఇంకా తయారవుతూనే ఉంది. నీళ్లలోకి దిగింది 1944 జనవరి 29న. ఆ దాడిలో మునిగింది అరిజోనా అనే నౌక, అందులో 1,177 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ల చరిత్రను ఇంకో నౌకకు అంటగట్టినందుకు మన్నించండి.

మిస్సోరి ఘనత వేరే. 1945 సెప్టెంబర్ 2న టోక్యో అఖాతంలో జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకాలు జరిగింది దాని డెక్ మీదే. ఆ చోట ఇప్పుడు గుండ్రటి ఫలకం ఉంది. కానీ నన్ను కదిలించేది కుడివైపు అంచున మిగిలిన చిన్న సొట్ట. 1945 ఏప్రిల్ 11న ఆత్మాహుతి విమానం తగిలిన గుర్తు అది. చనిపోయిన ఆ జపాన్ పైలట్‌కు కెప్టెన్ కల్లహన్ సైనిక గౌరవంతో సముద్రంలో అంత్యక్రియలు జరిపించాడు.

మ్యూజియంగా తెరిచింది 1999లో. అరిజోనా మునిగిన చోటికి దగ్గర్లోనే దాన్ని నిలిపారు. నేను పొరబడింది అక్కడే. పాత పోస్టు సరిదిద్దాను.