డాలర్ నోటు మీది పిరమిడ్ ఫ్రీమేసన్లు పెట్టిందేనా?

వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చెప్పేది ఇదీ: అమెరికాను స్థాపించింది ఫ్రీమేసన్లు (రహస్య ఆచారాలున్న ఓ పాత సోదర సంఘం; పొట్టిగా మేసన్లు), డాలర్ నోటు వెనక పిరమిడ్, కన్ను వాళ్ల గుర్తులు, కింది 1776 ఇల్యూమినాటి అనే రహస్య సంఘం పుట్టిన ఏడాది, అధ్యక్షులంతా ఫ్రీమేసన్లే.

మొదట ఆ బొమ్మ సంగతి. అది అమెరికా రాజముద్ర వెనక భాగం. 1776 నుంచి 1782 దాకా మూడు కమిటీలు దాని మీద పనిచేశాయి. వాటిలో లాడ్జి (మేసన్ల స్థానిక శాఖ) రికార్డులు మేసన్‌గా నిర్ధారించేది బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడినే. ఆయన సూచించింది పిరమిడ్ కాదు, బైబిల్ కథలోని ఎర్రసముద్రం దగ్గర మోషే, ఫరో. ఆ కమిటీ నమూనాలో కన్ను చేర్చింది చిత్రకారుడు దు సిమితియేర్. కాంగ్రెస్ ఆ నమూనాను పక్కన పెట్టేసింది. పిరమిడ్‌ను రెండో కమిటీకి సాయపడ్డ ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ 1778లో 50 డాలర్ల నోటు మీద గీశాడు. దాని పైన కన్ను లేదు. రెంటినీ కలిపింది 1782లో మూడో కమిటీకి సాయపడ్డ విలియం బార్టన్. కాంగ్రెస్ కార్యదర్శి చార్లెస్ థామ్సన్ తుదిరూపమిచ్చాడు. జూన్ 20న ఆమోదం వచ్చింది. మెట్ల వరసలు 13, అంటే 13 రాష్ట్రాలు.

త్రికోణంలో కన్ను యూరప్ క్రైస్తవ చిత్రకళలో అంతకు చాలా ముందే ఉంది, దేవుడి చూపుకు గుర్తుగా. అమెరికన్ లాడ్జిల్లో దానికి ప్రచారం తెచ్చింది 1797లో థామస్ స్మిత్ వెబ్ రాసిన చేతిపుస్తకం. అంటే ముద్ర ఆమోదం పొందిన పదిహేనేళ్లకు. మేసన్ల అసలు గుర్తులు మూలమట్టం, వృత్తలేఖిని. వాళ్ల కథల్లోని కట్టడం సొలొమోను దేవాలయం, పిరమిడ్ కాదు.

1776 స్వాతంత్ర్య ప్రకటన జరిగిన సంవత్సరం. అదే ఏడాది మే 1న జర్మనీలోని బవేరియాలో వైస్‌హాప్ట్ అనే ఆచార్యుడు ఇల్యూమినాటిని స్థాపించిన మాట నిజమే. ఆ సంఘాన్ని బవేరియా ప్రభుత్వం 1785 కల్లా నిషేధించింది. తేదీ కలవడం తప్ప ముద్రతో దానికి లంకె లేదు.

ముద్ర మీద ఆరుకొనల నక్షత్రం గీస్తే దాని కొనలు తగిలే అక్షరాలతో ఇంగ్లీషులో "మేసన్" అని వస్తుందంటారు. ముందే కావాల్సిన మాట అనుకుని, దానికి సరిపడేలా గీత తిప్పితే ఎన్ని మాటలైనా వస్తాయి.

అధ్యక్షుల విషయంలోనే తప్పు ఎక్కువ. మేసన్లైన అధ్యక్షులుగా సాధారణంగా లెక్కించే జాబితాలో 14 మంది ఉన్నారు: వాషింగ్టన్ నుంచి ఫోర్డ్ దాకా. జాన్ ఆడమ్స్, జెఫర్సన్, లింకన్, కెనెడీ అందులో లేరు. జాన్ క్విన్సీ ఆడమ్స్ అయితే మేసన్లకు బహిరంగ వ్యతిరేకి. ఎవరినైనా సభ్యుడని చెప్పాలంటే లాడ్జి పేరు, చేరిన తేదీ కావాలి. వాషింగ్టన్‌కు అవున్నాయి: ఫ్రెడరిక్స్‌బర్గ్, 1752 నవంబర్ 4. లాడ్జి విందుకు వెళ్లినవాడినీ, శంకుస్థాపన చూడటానికి వచ్చినవాడినీ సభ్యులుగా రాసేయడంతోనే ఈ జాబితాలు ఉబ్బుతాయి.

ఈ కథలో మేసన్లు నిజంగా కనిపించేది 1934, 1935లలో. వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ ముద్ర వెనక భాగాన్ని నాణెం మీద పెడదామన్నాడు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ డాలర్ నోటు మీద పెట్టించాడు. ఇద్దరూ మేసన్లే. ఆ కన్ను రూజ్‌వెల్ట్‌ను ఆకట్టుకుందని వాలెస్ తర్వాత రాశాడు. వీడియోలు చెప్పాల్సిన ముక్క ఇదే, చెప్పనిదీ ఇదే. నోటు నమూనాలో ముద్ర ముందు భాగమైన గద్ద బొమ్మ ఎడమవైపు ఉంటే రూజ్‌వెల్ట్ స్వయంగా మార్పించి పిరమిడ్‌ను ఎడమకు తెచ్చాడు. ఇప్పటి నోటు మీదా అదే వరస.