తొలేళ్ల నాడు నోట్స్ యాప్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నోట్స్ యాప్ గారికి,

తమరు క్షేమమని తలుస్తాను. ఇంటి వైఫైలో ఉన్నంతసేపూ తమరు క్షేమమే.

రేపు పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఉత్సవం. చుట్టాలు ఈ రాత్రికే విజయనగరంలో దిగుతున్నారు. సరుకుల జాబితా తమరి దగ్గరే భద్రంగా ఉందని గంటస్తంభం దగ్గర కిరాణా కొట్టుకెళ్లాను. జిల్లా అంతా బజార్లోనే ఉంటే సిగ్నల్ ఎక్కడుంటుంది? తమరు 'సింక్ అవుతోంది' అన్నారు. చక్రం తిప్పారు. తర్వాత నేనెవరో తెలియదన్నట్టు మళ్లీ లాగిన్ అవమన్నారు. ఓటీపీ పంపామన్నారు, రాలేదు. "ఏటి కావాలో సెప్పండి బాబూ, ఎనక జనం ఉన్నారు" అన్నాడు కొట్టాయన. ఆయన చేతిలో చిరిగిన అట్టముక్క, దారంతో బల్లకి కట్టిన పెన్ను. ఒక్కో ఆర్డరూ కట్టడం, గీత కొట్టడం, అంతే.

శనగపప్పు, బెల్లం, చింతపండు గుర్తొచ్చాయి. ఇంగువ రాలేదు. ఇంగువ లేని పులిహోర మా ఇంట్లో ఎవరూ ముట్టరు. గుమ్మంలో అడుగుపెట్టగానే తమరు టక్కున తెరుచుకున్నారు. మొదటి వరుసలోనే ఇంగువ! పైన తమరు బలవంతంగా పెట్టించిన కవర్ ఫొటో, పక్కన మూడు ట్యాగులు.

అయ్యా, రాసుకునేవి రెండు రకాలు. దాచుకోవడానికి రాసేవి, కొట్టేయడానికి రాసేవి. సరుకులు రెండో రకం. రేపటికి వాటి మొహం ఎవరూ చూడరు. అలాంటి జాబితాకి టెంప్లేటు, డేటాబేసు, లింకులు, గ్రాఫు ఎందుకు? తమరి భక్తులు మాటకి ముందు నిక్లస్ లూమన్ పేరెత్తుతారు. ఆ జర్మన్ సోషియాలజిస్టు సుమారు 90 వేల చీటీలు రాసుకున్నాడు, నిజమే. పుస్తకాలు రాయడానికి రాసుకున్నాడు, పప్పులు కొనడానికి కాదు. పైగా ఆయన చీటీలు ఓటీపీ అడగలేదు.

టు-డూ యాపులేమీ చిరంజీవులు కావు. వండర్‌లిస్ట్‌ని మైక్రోసాఫ్ట్ 2015లో కొని, 2020లో మూసేసింది. పోతే పోయింది, అందులో ఉండేవి ఎలాగూ కొట్టేసే పనులేగా! నువ్వు మాత్రం నాకు 'రెండో మెదడు' అవుతానన్నావు. ఉన్న ఒక్కదాన్నీ కొట్టాయన ముందు మొద్దుని చేశావు. ఫోన్లో నేనే టైపు చేసిన నాలుగు ముక్కలు నాకు చూపించడానికి నీకు ఎవడి పర్మిషన్ కావాలి?

డిలీట్ చేద్దామనే వేలు పెట్టాను. కానీ ఆమధ్య ఆస్పత్రిలో నాన్న పాత స్కానింగ్ రిపోర్టు అడిగితే, రెండక్షరాలు కొట్టగానే తీసిచ్చావు. కాదనను. రిపోర్టులు, కరెంటు సర్వీసు నంబరు, అత్తగారి ఆవకాయ కొలతలు నీ దగ్గరే ఉండనీ. బజారు పనులు మాత్రం నెట్ లేకపోయినా తెరుచుకునే ఒక బక్క టు-డూ యాప్‌కి అప్పజెప్పాను. దానికి టిక్కు పెట్టడం తప్ప ఇంకేమీ రాదు, అదే నాకు కావలసింది.

ప్రీమియం కట్టమని ఇందాక మళ్లీ మెసేజి పెట్టావు. కట్టను.

ఇట్లు,
తమరి ఉచిత వినియోగదారుడు