చెవులు మడిస్తే పడుతుంది

మా అక్కకి ఫోన్ మాట్లాడటం వచ్చు, పెట్టేయడం రాదు. మొన్న ఆదివారం కొత్త కారు సంగతి చెబుతూ చెబుతూ "ఉండరా, కుక్కర్ కూస్తోంది" అని ఫోన్ గట్టు మీద వదిలేసి వెళ్లింది. ఆ తర్వాత విన్నదే ఇదంతా. నువ్వైనా పెట్టేయొచ్చుగా అంటారా? మీరైతే పెట్టేసేవాళ్లా?

బావ: ఎవరితో అంతసేపు?

అక్క: తమ్ముడితో.

బావ: విన్నాన్లే. అన్నీ విన్నాను.

అక్క: మంచిదే. మళ్లీ చెప్పే పని తప్పింది.

బావ: ముప్ఫై ఏళ్ల కాపురం! "పాతది ఇక లాభం లేదురా, ఎక్స్ఛేంజ్‌లో ఎంతొస్తే అంతే" అని వాడితో అంటావా?

అక్క: ఎంతొస్తుందేమిటి మీ ఉద్దేశం? తుక్కు రేటైనా వస్తుందో రాదో.

బావ: తుక్కా!

అక్క: కాక? పొద్దున్నే ఓ పట్టాన లేవదు. లేచినా ఒకటే దగ్గు.

బావ: ఆ దగ్గు మంచుకి వచ్చింది!

అక్క: మంచుకి ముందు నుంచి వస్తుంది. ఇది వెనకనుంచి పొగతో వస్తోంది.

(చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.)

బావ: ఫిట్‌నెస్ కూడా ఇంకోసారి రాదన్నావు. మొన్నే కదా, బీపీ చూసి భేషుగ్గా ఉందన్నాడు డాక్టరు.

అక్క: బీపీ ఏమిటండీ! 2006లో కొన్నాం. పదిహేనేళ్లూ 2021తో సరి. ఇంకో అయిదేళ్లు పొడిగించారు, అవీ అయిపోతున్నాయి. మీ బీపీ చూసి పొడిగిస్తాడా బ్రేకు ఇన్‌స్పెక్టరు?

బావ: …కారా?

అక్క: కారు కాక?

బావ: మన మారుతీ 800 గురించా?

అక్క: అయ్యో రామా! మిమ్మల్ని అనుకున్నారా? మిమ్మల్ని ఎవరు తీసుకుంటారండీ ఎక్స్ఛేంజ్‌లో?

ఇక్కడితో గొడవ అయిపోవాలి. కానీ తప్పు తనదని తేలాక మా బావకి పట్టుదల ఇంకా పెరుగుతుంది.

బావ: మారుతీ సంగతి సరే. "పొడుగు పెరగదు, అడ్డంగానే పెరిగిపోతోంది" అన్నావే, అది మాత్రం నన్నే. మారుతీ పెరగదుగా!

అక్క: అది కొత్త బండ్ల గురించి. పొడుగు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజను 1200 సీసీ దాటకుండా ఉంటే జీఎస్టీ 18 శాతం. ఏది దాటినా 40. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇదే లెక్క. అంతకుముందూ నాలుగు మీటర్ల లోపు వాటికి తక్కువ పన్నే. అందుకని చాలా బండ్లు 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఊపిరి బిగబట్టి ఆగిపోయాయి. వెడల్పుకీ ఎత్తుకీ ఆ పట్టింపు లేదు, అటు పెరుగుతున్నాయి.

బావ: ఓహో. ఇక్కడ నొక్కితే అక్కడ పొంగుతుందన్నమాట.

అక్క: మీ బెల్టు దగ్గరలాగే.

బావ: చూశావా! అంటే నన్నే!

అక్క: ఇప్పుడన్నది మిమ్మల్నే. ఇందాకటిది కారుని.

బావ: "ముందు అంత ఎత్తయితే కింద ఏముందో కనపడదు" అన్నది?

అక్క: బానెట్‌ని. ఎవరినైనా గుద్దితే, తల బానెట్‌కి తగిలినా కింద ఇంజను దాకా పోకూడదని మధ్యలో కాస్త ఖాళీ వదులుతారట. దాంతో ఎత్తు లేచింది. కొంత షోకు కూడా ఉందనుకోండి. తీరా అంత ఎత్తయ్యాక, ఎదురుగా చంటాడు నిలబడితే కనపడి చావడు.

బావ: నాకు మాత్రం కింద ఏముందో చక్కగా కనపడుతుంది.

అక్క: నిన్న అరగంట వెతికారు చెప్పులు. కాళ్లకే ఉన్నాయి.

(నేను నోరు మూసుకుని నవ్వాను. మా ఆవిడ వచ్చి తనూ పక్కన కూర్చుంది.)

బావ: అయినా మారుతీకి ఏం తక్కువే? నలుగురం తిరుపతి వెళ్లలేదూ అందులో?

అక్క: వెళ్లాం. దాని తలుపు మాత్రం అప్పడం. కొత్తవాటికి పక్కనుంచి గుద్దినా తట్టుకోవాలని తలుపులో ఇనప బద్దీ, లోపల గాలి సంచులూ. తలుపు మందమయ్యాక కూర్చునే చోటు తగ్గకూడదంటే బండే వెడల్పవ్వాలి. మారుతీ బరువు 650 కిలోలు, ఇవి వెయ్యి దాటినవి. మోయాలంటే చక్రాలూ పెద్దవి కావాలి. మారుతీకి 12 అంగుళాలవి, మనం కొనబోయే నెక్సాన్‌కి 16. అయినా మారుతీ 800 చేయడం 2014 జనవరిలోనే ఆపేశారు.

బావ: నన్ను చేయడం ఇంకా ముందే ఆపేశారు. నన్నేం తీసెయ్యలేదుగా!

అక్క: కబుర్లు చాలు. టేపు తెచ్చారా? పదండి గేటు దగ్గరికి.

చెప్పుల చప్పుడు. అక్క ఫోను కూడా పట్టుకెళ్లింది, చూసుకోకుండానే. టేపు చర్రుమంది.

బావ: ఆరడుగులు. మా నాన్న అంబాసిడర్‌ని చూసి పెట్టించిన గేటు ఇది. అది అయిదున్నరే. దర్జాగా పట్టేది.

అక్క: నెక్సాన్ 1,804 మిల్లీమీటర్లు. అయిదడుగుల పదకొండంగుళాలు.

బావ: చిన్నబండి అని పన్ను తగ్గించినది అంబాసిడర్ కన్నా లావా!

అక్క: మరే. మిగిలింది అంగుళం. పక్క అద్దాలు ఆ లెక్కలో లేవు. అందుకే తమ్ముడితో అన్నాను, చెవులు మడిచి మెల్లిగా లోపలికి తోయాలీ అని.

బావ: అదా! నన్ను ఆశ్రమంలోకనుకున్నాను.

అక్క: అక్కడా ముందు పథ్యం తింటారా అని అడుగుతారు. మిమ్మల్ని చేర్చుకోరు.

బావ: ఇంత పెద్దది మనకెందుకే మరి? పక్కింటాయన కొన్నాడనా?

అక్క: మారుతీలోంచి మీరు దిగడం ఎప్పుడైనా చూసుకున్నారా? ఎడం కాలు బయటపెట్టి, తలుపు పట్టుకుని, "అమ్మా" అని మా అత్తగారిని తలుచుకుని… మొన్న గుడి దగ్గర పూలావిడ వచ్చి చెయ్యందించింది. నాకు ప్రాణం ఉసూరుమంది. సీటు ఎత్తుగా ఉంటే కుర్చీలోంచి లేచినట్టు లేస్తారని కదా నా ఏడుపు.

(టేపు మళ్లీ చర్రుమని వెనక్కి పోయింది.)

బావ: ఆవిడ ఊరికే ఏం రాలేదు. పూలు కొనమని వచ్చింది.

అక్క: కొన్నారా?

బావ: రెండు మూరలు. ఆ రోజు నువ్వు తల్లో పెట్టుకున్నవేమిటనుకున్నావు?

అక్క: …వాడిపోయినవి అంటగట్టింది మీకు.

బావ: పోనీ, ఈ స్తంభం కొట్టించి గేటు పెంచుదాం. పాతదాన్ని మాత్రం ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొద్దు.

అక్క: ఎక్కడ పెడతారు?

బావ: పెరట్లో, జామచెట్టు కింద.

అక్క: అది మీరు కుర్చీ వేసుకునే చోటు.

బావ: కారులోనే కూర్చుంటాను.

అక్క: దిగేదెలాగండీ?